అల్లుడూ, సీసాలు నింపే ముందు

అల్లుడూ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. "వాడు ఇంట్లో బీరు కాస్తాడట, అంతా నీ పోలికే" అంది. తిట్టిందో మెచ్చుకుందో అర్థం కాలేదు. నాకైతే గర్వంగానే అనిపించింది. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది, నిద్ర పట్టలేదు.

మీ డల్లాస్‌లో చట్టం అడ్డు రాదు. ఒంటరిగా ఉండేవాడివి కాబట్టి ఏడాదికి 100 గ్యాలన్ల దాకా కాచుకోవచ్చు, అమ్మకూడదు అంతే.

మొదటిసారే రెడ్ ఏల్, అదే ఎర్ర రంగు బీరు, అన్నావట, మంచిదే. ఐదు గ్యాలన్లకు లైట్ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన తియ్యటి పాకం) ఆరేడు పౌండ్లు చాలు. ఎరుపు రంగు క్రిస్టల్ మాల్ట్ అనే వేయించిన మొలక బార్లీ వల్ల వస్తుంది, దానికి తోడు రోస్టెడ్ బార్లీ రెండు ఔన్సులు మించకూడదు. ఈ గింజల్ని గుడ్డ సంచిలో కట్టి 155 డిగ్రీల ఫారెన్‌హీట్ నీళ్లలో అరగంట నానబెట్టు. ఎక్స్‌ట్రాక్ట్ పోసేటప్పుడు స్టవ్ ఆపెయ్, లేకపోతే అడుగంటుతుంది. మరిగేటప్పుడు పాలలా పొంగుతుంది, గిన్నె దగ్గర్నుంచి కదలకు. చేదు కోసం హాప్స్ (బీరులో వేసే పువ్వులు) మొదట్లో, వాసన కోసం చివర్లో వెయ్యి. వాటిలో కాస్కేడ్, సెంటెనియల్ రకాలు రెండూ తీసుకో. సెప్టెంబరులో మా వైపు హాప్స్ పండే యాకిమా లోయకి వెళ్తే కారు అద్దం దించగానే ఆ వాసన వచ్చేస్తుంది. ఒకసారి నిన్ను తీసుకెళ్లాలి.

ఇక శుభ్రం. ఆవకాయ జాడీలో తడి చెయ్యి పెడితే మీ అమ్మమ్మ ఎంత గోల చేసేదో గుర్తుందిగా? మరిగించిన రసం చల్లారిన తర్వాత దాన్ని తాకే ప్రతి వస్తువు దగ్గరా ఆ గోల గుర్తు చేసుకో. పులిసే డబ్బాని గ్యారేజ్‌లో పెట్టకు, మీ ఎండకి పాడైపోతుంది. 65 నుంచి 68 డిగ్రీల ఫారెన్‌హీట్ గదిలో ఉంచు.

అసలు ఈ ఉత్తరం రాస్తున్నది సీసాల గురించి.

సియాటెల్ వచ్చిన రెండో చలికాలం. బేస్‌మెంట్‌లో చలికి ఆరో రోజే బుడగలు ఆగిపోయాయి. పులవడం అయిపోయిందనుకున్నాను. హైడ్రోమీటర్, అదే చక్కెర ఎంత మిగిలిందో కొలిచే గాజు గొట్టం, ఇంట్లోనే ఉంది, డబ్బా లోంచి తియ్యలేదు. సీసాలో గ్యాస్ పుట్టడానికని కొంచెం చక్కెర కలిపి, మూతలు బిగించి, హీటర్ పక్కనున్న అల్మారాలో సర్దాను. పులియబెట్టే ఈస్ట్ చావలేదురా, చలికి నిద్రపోయింది. వెచ్చదనం తగలగానే లేచి, మిగిలిన చక్కెరా నేను కలిపిన చక్కెరా అంతా తినేసి సీసాల నిండా గ్యాస్ నింపింది. రెండు వారాలకి, అర్ధరాత్రి, తుపాకీ పేలినట్టు ఒక సీసా. వెంటనే ఇంకోటి. ఆ అల్మారా మా అమ్మాయి గదిలోది. దానికప్పుడు మూడేళ్లు. జ్వరంగా ఉందని ఆ రాత్రి మా మధ్య పడుకోబెట్టుకున్నాం. పొద్దున చూస్తే అల్మారా తలుపులోంచి గాజు పెంకు బయటికి పొడుచుకొచ్చింది, సరిగ్గా దాని దిండు ఎత్తులో. మీ అత్త ఏమీ అనలేదు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. మందపాటి కోటు, చేతులకి గ్లోవ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకుని మిగతా సీసాల మీద దుప్పటి కప్పి, ఒక్కొక్కటే బయట చలిలోకి మోశాను. చల్లబడితే ఒత్తిడి తగ్గుతుంది. ఇప్పటికీ సోడా మూత చప్పుడైతే నా చెయ్యి అదురుతుంది.

అందుకని బుడగల్ని నమ్మకు. రెండు వారాలు ఆగు. మూడు రోజుల తేడాతో రెండుసార్లు హైడ్రోమీటర్‌తో కొలిచి చూడు, అంకె కదలకూడదు. నువ్వు హాప్స్ ఎక్కువ కావాలంటున్నావు కాబట్టి ఇంకో మాట: పులిసిన తర్వాత హాప్స్ వేస్తే వాటిలోని ఎంజైములు మిగిలిన పిండిపదార్థాన్ని మళ్లీ చక్కెరగా విరగ్గొడతాయి, ఈస్ట్ మళ్లీ మొదలెడుతుంది. కాబట్టి హాప్స్ వేశాక కూడా కొలవాలి. తొందరెందుకురా నీకు, ఆ బీరు ఎక్కడికీ పారిపోదు.

రెండు రీడింగులూ ఫోటో తీసి నాకు పంపు. నేను చూసి సరే అనేదాకా మూత బిగించకు. రాత్రి ఎంతైనా పరవాలేదు, మెలకువగానే ఉంటాను.

మీ మామయ్య