షాపులవాళ్లు ఒక జెండా అమ్మడం మానేస్తే వాక్ స్వాతంత్ర్యం పోయినట్టా?

"అమెరికాలో పెద్ద స్టోర్లన్నీ కాన్ఫెడరేట్ జెండా అమ్మకం ఆపేశాయి కదా, ఇది వాక్ స్వాతంత్ర్యానికి దెబ్బ కాదా?" అని అడిగారు. 1860ల అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలుపుకోవడానికి పోరాడిన దక్షిణాది రాష్ట్రాల సైన్యం జెండా అది. నేను కాదనే అంటాను. ఆ జెండాను నా చేత్తో అమ్మినవాణ్ణి. ఆపేసిన రోజున కూడా అదే కౌంటర్ వెనక ఉన్నాను.

2015లో సౌత్ కరోలినాలోని ఒక చిన్న ఊళ్లో మా బాబాయ్‌కి గ్యాస్ స్టేషన్ (పెట్రోలు బంకు) ఉండేది. గ్రీన్ కార్డు వచ్చిన కొత్తలో పొద్దుటి షిఫ్టు నేను చూసేవాణ్ణి. కౌంటర్ పక్కన గుండ్రంగా తిరిగే స్టాండు, దాని కొక్కేలకు స్టిక్కర్లు, టోపీలు, లైటర్లు. అన్నిటి మీదా అదే బొమ్మ. ఎరుపు మీద ఇంటూ గుర్తులా నీలం పట్టీలు, వాటిలో తెల్ల నక్షత్రాలు. మొదట్లో ఏదో లోకల్ టీమ్ గుర్తు అనుకున్నాను. రోజూ ఆరున్నరకి కాఫీకి ఒక నల్లజాతి పెద్దావిడ వచ్చేది. అందరినీ పలకరించేది, మా పిన్ని మోకాళ్ల నొప్పి గురించి కూడా అడిగేది. చిల్లర తీసుకునేటప్పుడు మాత్రం స్టాండుకి దూరంగా, కౌంటర్ ఆ చివర నిలబడి చెయ్యి చాపేది. నెలల తరబడి చూశాను, ఎందుకో నాకు తట్టనేలేదు.

జూన్ 17 రాత్రి మా రాష్ట్రంలోనే చార్లెస్టన్‌లోని ఇమాన్యుయేల్ అనే నల్లజాతివాళ్ల చర్చిలో బైబిల్ చదువుకుంటున్న తొమ్మిది మందిని ఒక తెల్ల కుర్రాడు కాల్చి చంపాడు. తర్వాత వాడు ఆ జెండా పట్టుకుని దిగిన ఫొటోలు బయటికొచ్చాయి. రాష్ట్ర రాజధాని కొలంబియాలో స్టేట్ హౌస్ (చట్టసభ భవనం) మీద దేశం జెండానీ, రాష్ట్రం జెండానీ సగానికి దించారు. ఆవరణలో ఉన్న ఈ జెండా మాత్రం నిండు ఎత్తులోనే ఎగిరింది. చట్టసభ ఒప్పుకోకుండా దాన్ని ముట్టుకోకూడదని అప్పట్లో చట్టం ఉండేది మరి. టీవీలో అది చూస్తుంటే పెద్దావిడ చాపిన చెయ్యి గుర్తొచ్చింది. చాలా సిగ్గుపడ్డాను.

జూన్ 22న వాల్‌మార్ట్, మర్నాడు అమెజాన్, ఈబే అమ్మకం ఆపేస్తున్నామన్నాయి. మాకు హెడ్డాఫీసు లేదు, చెప్పేవాళ్లూ లేరు. బాబాయే ఆ రాత్రి కొట్టు మూసే ముందు సరుకంతా అట్టపెట్టెలో వేసి టేపు వేసేశాడు.

వారం తిరక్కుండా, ఎప్పుడూ మా దగ్గరే డీజిల్ పోయించుకునే ఒకాయన గొడవకి దిగాడు. "మా ముత్తాత ఈ జెండా కింద ప్రాణాలిచ్చాడు. ఇందులో ద్వేషం లేదు" అన్నాడు. ఆయన మనసులో నిజంగా ద్వేషం లేదనే నా నమ్మకం. కానీ బయట ఆయన ట్రక్కు మీద ఆ జెండా ఎగురుతూనే ఉంది, దించమని ఎవరూ అనలేదు. వాక్ స్వాతంత్ర్యాన్ని కాపాడే అమెరికా రాజ్యాంగంలోని మొదటి సవరణ ప్రభుత్వం చేతులు కట్టేస్తుంది. ఫలానాది అమ్మితీరాలని కొట్టువాణ్ణి బలవంతపెట్టదు. ఏది అమ్మాలి, ఏది వద్దు అన్నది కూడా బాబాయ్ చెప్పుకునే మాటే కదా. ఆ మాట చెప్పే హక్కు ఆయనకి లేదా?

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే కేసు వేరే ఉంది. 2017 జనవరిలో అమెజాన్ కెనడా సైట్‌లో మన మువ్వన్నెల జెండా అచ్చేసిన కాళ్లు తుడుచుకునే పట్టా కనిపించింది. క్షమాపణ చెప్పకపోతే అమెజాన్ అధికారులకు వీసాలివ్వం అని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ట్వీట్ చేశారు. సరుకు తీసేశారు. మా ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం, నేను కూడా. ఆ పట్టా చూస్తే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. అయినా అక్కడ వీసా చేతిలో పెట్టుకుని బెదిరించింది ప్రభుత్వం. వాక్ స్వాతంత్ర్యం గురించి భయపడాల్సింది అలాంటి చోట.

షాపులు కూడా అతి చేస్తాయి. అదే 2015లో ఆపిల్ తన యాప్ స్టోర్ నుంచి అమెరికా అంతర్యుద్ధం గేములు కూడా కొన్ని తీసేసింది. యుద్ధంలో ఒక పక్షం ఎవరో చూపించడానికి వాడిన జెండాని తీసేస్తే చరిత్ర ఎలా తెలుస్తుంది? అది తప్పే. కొన్నిటిని తర్వాత మళ్లీ పెట్టారు.

స్టేట్ హౌస్ ఆవరణలోని జెండాని ఆ 2015 జూలై 10న దించారు. డీజిల్ పోయించుకునే ఆయన రెండు నెలలు మా కొట్టు మొహం చూడలేదు. తర్వాత వచ్చాడు, ఆ ఊసు ఎత్తలేదు. ఖాళీ కొక్కేలకు బాబాయ్ ఫోన్ చార్జర్లు వేలాడదీశాడు. ఒక పొద్దున పెద్దావిడ ఆ స్టాండు పక్కనే నిలబడి, కాఫీ కప్పు దాని మీద పెట్టి, పర్సులో చిల్లర వెతుక్కుంది.