సంతకం పెట్టాల్సింది మీ అమ్మ

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పాసయ్యాను. మొత్తం మీద 71 శాతం వచ్చింది, ఇంగ్లీషులో మాత్రం రెండేళ్ళూ కలిపి 200కి 94. వయసు 17 ఏళ్ళ 9 నెలలు. చిన్నప్పట్నుంచీ మిలటరీలోకి వెళ్ళాలని ఉంది. ఆర్మీయా, నేవీయా, ఎయిర్‌ఫోర్సా అన్నదే తేలడం లేదు. నాకు నేవీ ఇష్టం. మా మామయ్య ఆర్మీలో పదిహేడేళ్ళు చేసి హవల్దారుగా రిటైరయ్యాడు. ఆర్మీలో జనరల్ డ్యూటీ తప్ప ఇంకోటి వద్దంటాడు. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి లేపి నన్ను పరిగెత్తించేది ఆయనే. నాన్న కిడ్నీ జబ్బుతో పోయి నాలుగేళ్ళయింది. ఆసుపత్రి ఖర్చులు, నా కాలేజీ ఫీజులు కలిపి మూడు లక్షల దాకా మామయ్యే పెట్టాడు. తాతయ్య పోయాక కొబ్బరితోట కూడా ఆయనే చూసుకుంటున్నాడు. అమ్మ జీడి ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ‘మామయ్య చెప్పినట్టు విను’ అంటుంది తప్ప ఇంకేమీ అనదు. ఫారం మీద గార్డియన్ సంతకం కూడా తనే పెడతానని మామయ్య అన్నాడు. ఆయనకి ఒక్కతే కూతురు, పదో తరగతి చదువుతోంది. నాలుగేళ్ళు చేసొచ్చాక మా ఇద్దరికీ పెళ్ళని ఇంట్లో అనుకుంటున్నారు. ఆ విషయం పక్కన పెట్టండి. మూడింట్లో ఏది మంచిదో చెప్పండి చాలు.

జవాబు: బాబూ, నువ్వు పక్కన పెట్టమన్న విషయం దగ్గరే నేను ఆగిపోయాను. అయినా అడిగావు కాబట్టి ముందు ఆ మూడింటి సంగతి చెప్పేస్తాను. దానికి ఎక్కువసేపు పట్టదు.

ఎయిర్‌ఫోర్స్‌లో అగ్నివీర్‌కి, అంటే అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్ళకి తీసుకునే సైనికుడికి, ఇంటర్‌లో మొత్తం మీద 50 శాతం ఉంటే చాలదు, ఇంగ్లీషులో విడిగా 50 ఉండాలి. నీకు 47. ఇంప్రూవ్‌మెంట్ రాసి పెంచుకుంటే తప్ప ప్రస్తుతానికి దాని గురించి ఆలోచించడం దండగ. నేవీలో ఎస్‌ఎస్‌ఆర్‌కి (ఇంటర్ పాసైనవాళ్ళని నావికులుగా తీసుకునేది) నీ ఎంపీసీ, నీ మార్కులు సరిపోతాయి. ట్రైనింగ్ ఐఎన్‌ఎస్ చిల్కాలో, బరంపురం దాటాక ఆ సరస్సు పక్కనే. ఆర్మీలో టెక్నికల్‌కి ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఇంగ్లీషు ఒక్కోదాంట్లో 40 శాతం, మొత్తం మీద 50 అడుగుతారు. అదీ నీకుంది. పదో తరగతితో వెళ్ళే జనరల్ డ్యూటీకి మాత్రమే ఎందుకు తయారవుతున్నావో నాకు అర్థం కాలేదు. మామయ్య వెళ్ళిన దారి అదే కాబట్టి అయ్యుంటుంది. ఇక ఎన్‌డీఏ (ఆఫీసర్లని తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ) మాట మీ ఇంట్లో ఎవరూ ఎత్తినట్టే లేదు. పేపరు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది, నీ ఇంగ్లీషుకి అది కష్టమే. కానీ పరీక్ష ఏడాదికి రెండుసార్లు పెడతారు, పందొమ్మిదిన్నర ఏళ్ళ దాకా వయసుంది, లెక్కలొచ్చినవాడివి. సెలెక్టై ట్రైనింగ్ పూర్తిచేస్తే ఆఫీసరువి అవుతావు. రాసి చూడు.

నోటిఫికేషన్లు దేనికది విడిగా వస్తాయి. అర్హత ఉన్నవన్నీ రాయి. ఎందులో సెలెక్టైతే అందులో చేరు. మూడూ గుమ్మంలోకి వచ్చి నిలబడి ‘మాలో ఎవరు కావాలి నాయనా’ అని నిన్ను అడగవు. లక్షల మంది రాసే పరీక్షకి ముందే ఇంత మీమాంస ఎందుకు?

అసలు నేవీ ఎందుకిష్టమో ఒక్క ముక్క రాయలేదు నువ్వు. ఓడల గురించి లేదు, జీతం గురించి లేదు, అక్కడ నేర్పే పని గురించి లేదు. సముద్రం ఒడ్డున పెరిగినవాడివి, అందుకేనేమో అనుకుందామనుకున్నాను. కానీ ఉత్తరం రెండోసారి చదివితే ఇంకోటి తోచింది. ఆ మూడింట్లో మామయ్యకి బొత్తిగా తెలియని లోకం నేవీ. అక్కడ ఆయన స్నేహితులు లేరు, ఆయన కథలు లేవు, ఆయన సలహా పనికిరాదు. ఇంట్లో నోరు తెరిచి చెప్పలేని ‘వద్దు’ని నేవీ చేత చెప్పించాలని చూస్తున్నావు. ఆర్మీ వద్దన్నది కూడా నీ అసలు మాట కాదు. పెళ్ళి దగ్గర గొంతు ఆగిపోయి, అది కాస్తా ఆర్మీ మీదకి మళ్ళింది.

ఇప్పుడు సంతకం సంగతి. పద్దెనిమిది నిండకుండా చేరే పిల్లల ఫారం మీద తల్లిదండ్రుల సంతకమో, సంరక్షకుల సంతకమో అడుగుతారు. నువ్వు చేరేనాటికి పద్దెనిమిది నిండిపోవచ్చు, ఆ సంతకం అవసరమే పడకపోవచ్చు. అది వేరే విషయం. నన్ను కలవరపెట్టింది మామయ్య అన్న మాట, దానికి మీ అమ్మ ఊరుకోవడం. తండ్రి లేని పిల్లవాడికి తల్లి బతికుండగా ఇంకొకరు గార్డియన్ ఎలా అవుతారు? చట్టం ప్రకారం తండ్రి తర్వాత తల్లే. చట్టం దాకా ఎందుకు, నీకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నది ఎవరు?

ఇక్కడ అందరూ మామయ్యని విలన్ని చేస్తారు. నేను చెయ్యను. చెల్లెలి మొగుడు డయాలసిస్ మీద ఉన్నప్పుడు డబ్బు తీసి ఇచ్చాడు. మేనల్లుణ్ణి కాలేజీలో చేర్పించాడు. రిటైరైనవాడు హాయిగా పడుకోకుండా చీకట్లో లేచి, వాచీ చేత్తో పట్టుకుని నీ కోసం రోడ్డు మీద నిలబడుతున్నాడు. ఇవన్నీ ప్రేమ లేనిదే జరగవు. కూతుర్ని తెలిసిన ఇంట్లో, తన చేతిమీదుగా పెరిగిన పిల్లవాడికి ఇవ్వాలనుకోవడం కూడా మన ఇళ్ళల్లో వింత కాదు. ఆయన అడగడం తప్పని నేననను.

నీ చిక్కంతా మీ అమ్మ దగ్గర ఉంది. భర్త పోయినప్పుడు అన్నయ్య పక్కన నిలబడ్డాడు. ఆ ఋణం ఎలా తీర్చాలో ఆమెకి తెలియలేదు. తన దగ్గర ఉన్నది నువ్వొక్కడివే. ఎప్పుడో ఒక రోజు, నీకు చెప్పకుండానే, ఆ అప్పు ఎదురుగా నీ పేరు రాసేసుకుంది. అందుకే ‘మామయ్య చెప్పినట్టు విను’ అన్న ఒక్క మాట తప్ప ఇంకో మాట రాదు. ఇంకో మాట మొదలుపెడితే ఇది బయటికి వచ్చేస్తుందని ఆమెకి తెలుసు.

జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ళ చేతులు నేను చూశాను. తొక్కలో ఉండే రసం తగిలి వేళ్ళు నల్లబడిపోతాయి, చర్మం పొరలుగా లేస్తుంది. సాయంత్రం అన్నం కలుపుకుంటే కారం తగిలి మంట. ఆ చేతులతో సంపాదించిన కూలితో నాలుగేళ్ళుగా మీ ఇల్లు నడుస్తోంది. మామయ్య ఇచ్చింది ఆసుపత్రికి, ఫీజులకి. రోజూ మీ ఇంట్లో ఉడికే బియ్యం మీ అమ్మవి. అలాంటి మనిషి తన అన్న ముందు తలెత్తి మాట్లాడటానికి ఎందుకు జంకాలి? ఒకరి సాయం తీసుకున్నంత మాత్రాన నోరు తాకట్టు పెట్టక్కర్లేదు. ఈ మాట చాలామంది ఆడవాళ్ళకి చెప్పాను, కొందరికి కోపం వచ్చింది కూడా.

ఇంకోటి. తాతయ్య తోట మామయ్యే ‘చూసుకుంటున్నాడు’ అని రాశావు. అందులో మీ అమ్మకి వాటా ఉందన్న ఆలోచన మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా? ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం చేశారు, 2005లో దేశమంతటికీ వచ్చింది. ఒకవేళ అది తాతయ్య సొంతంగా సంపాదించినదైనా, ఆయన వీలునామా రాయకపోతే కొడుకుతో పాటు కూతురికీ సమానంగానే వస్తుంది. 2018లో తిత్లీ తుపాను మీ వైపు కొబ్బరిని చాలావరకు నేలమట్టం చేసింది, నాకు తెలుసు. తోటలో మిగిలింది కొంచెమే కావచ్చు, నేల మాత్రం ఎక్కడికీ పోలేదు కదా. కోర్టుకెక్కమని చెప్పడం లేదు, అన్నాచెల్లెళ్ళ మధ్య నిప్పు పెట్టే ఉద్దేశం నాకు లేదు. మూడు లక్షల లెక్క వేసేటప్పుడు ఈ లెక్క కూడా పక్కన వేసుకుని, ఎవరు ఎవరికి ఎంత బాకీయో మీ అమ్మని ఒకసారి ఆలోచించమను. ఆమె వెన్ను కొంచెం నిటారవుతుంది.

మామయ్య వేసిన లెక్క కూడా నువ్వు తెలుసుకోవాలి. నువ్వు పద్దెనిమిదికి వెళ్తావు, ఇరవై రెండుకి వస్తావు. ఆ నాలుగేళ్ళూ పెళ్ళి చేసుకోకూడదన్నది ప్రభుత్వం పెట్టిన షరతే కాబట్టి వేరే సంబంధాల బెడద లేదు. వచ్చేసరికి ఆ పిల్లకి పందొమ్మిది. నీ చేతిలో సేవానిధి (నెలనెలా జీతంలో పట్టుకున్నదానికి ప్రభుత్వం అంతే కలిపి చివర్లో ఇచ్చేది), పథకం ప్రకటించినప్పుడు చెప్పిన ప్రకారం వడ్డీతో 11.71 లక్షలు. ఇంత చక్కగా కుదిరిన లెక్కలో ఒక్కటే తప్పు. ఆయన తన రోజుల ఆర్మీని చూస్తున్నాడు. పదిహేడేళ్ళు చేశాడు, పెన్షన్ వస్తోంది. 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చాక ఆ ఆర్మీ లేదు. సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్ళు తగలబెట్టి కుర్రాళ్ళు కేసుల్లో ఇరుక్కున్నది దీని మీదే కదా. నలుగురిలో ఒకరికి మించి ఉంచుకోరు. మిగతా ముగ్గురికీ పెన్షన్ ఉండదు, ఇంటికొచ్చి మళ్ళీ మొదలుపెట్టుకోవాలి. ఆర్మీ అయినా, నేవీ అయినా, ఎయిర్‌ఫోర్స్ అయినా ఇదే రూలు. ఇరవై రెండేళ్ళకి ఇంటికి వచ్చిన నువ్వు ఏం చేస్తావన్నదాని మీద మీ ఇంట్లో ఉన్న ఆలోచన ఒక్క పెళ్ళి. డిగ్రీ మాట లేదు, ఇంకో ఉద్యోగం మాట లేదు.

ఆ అమ్మాయిని అడిగారా అంటే, అడిగి ఉండరు. పదో తరగతి పిల్ల, అడగకూడదు కూడా. ఆమె ముందు ఈ ప్రస్తావన పూర్తిగా ఆపేయమని మీ అమ్మ చేత చెప్పించు. బావ, బావ అని చుట్టాలు ఆటపట్టించడం కూడా ఆపాలి. మేనరికాల వల్ల పిల్లలకి వచ్చే జబ్బుల గురించి డాక్టర్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు, ఆ చర్చ ఇప్పుడు పెట్టను. నీకు ఆ పిల్ల మీద ఇష్టం ఉందో లేదో కూడా నువ్వు రాయలేదు. ఉన్నా, లేకపోయినా నా జవాబు ఇదే.

మామయ్యతో తర్వాత, ముందు అమ్మతో మాట్లాడు. అమ్మ ఫ్యాక్టరీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక, టీవీ ఆపేసి అడుగు. ‘అమ్మా, మామయ్య మనకి చేసింది నేను మర్చిపోను. ఆ డబ్బు నేను తీరుస్తాను. పెళ్ళి మాట మాత్రం నువ్వు ఒప్పుకున్నావా, లేక కాదనలేక ఊరుకున్నావా?’ అని. ఏడుస్తుంది. ‘నాన్న ఉంటే నువ్విలా మాట్లాడేవాడివా’ అంటుంది. అప్పుడు లేచి బయటికి వెళ్ళిపోకు. మగపిల్లలు చేసే పని అదే, తల్లి కన్నీళ్ళు పెట్టగానే బండి తాళాలు వెతుక్కుంటారు. కూర్చో. ఆమె జవాబు చెప్పేదాకా కూర్చో, ఆ రాత్రి చెప్పకపోతే మర్నాడు మళ్ళీ అడుగు.

తర్వాత ఇద్దరూ కలిసి మామయ్య దగ్గరికి వెళ్ళండి. మాట మీ అమ్మ మొదలుపెట్టాలి. నువ్వు మొదలుపెడితే కుర్రాడి పొగరు అవుతుంది, ఆమె మొదలుపెడితే చెల్లెలి మాట అవుతుంది. పెళ్ళి సంగతి ఇప్పుడు ఎవరూ మాట ఇచ్చిపుచ్చుకోవద్దని, పిల్లలిద్దరూ పెద్దవాళ్ళయ్యాక వాళ్ళ ఇష్టమని ఆమె చెప్పాలి. మూడు లక్షలకి కాగితం రాసివ్వండి. తోట లెక్క చూస్తే బాకీ ఉండకపోవచ్చునని ఇందాక నేనే అన్నాను, అయినా రాసివ్వమంటున్నాను. ఎందుకంటే ఆ డబ్బు తీరిన రోజున మీ అమ్మ అన్నగారింటికి చుట్టంగా వెళ్తుంది. మొదటి ఏడాది జీతం 30,000లో సేవానిధికి పోగా చేతికి 21,000 వస్తుంది. అందులో నెలకి ఐదు వేలు ఆయనకి పంపు. నాలుగేళ్ళకి 2,40,000 తీరుతుంది, మిగతాది వచ్చేటప్పుడు తెచ్చే దాంట్లోంచి ఇచ్చేయొచ్చు. ఆయన వద్దంటాడు, ‘మన మధ్య కాగితాలేమిటి’ అని కోప్పడతాడు. అయినా పంపు.

మనసు కష్టపెట్టుకుని నాలుగు రోజులు నిన్ను లేపడం మానేస్తాడేమో. అలారం పెట్టుకో. ఆర్మీలో 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో పూర్తిచేస్తేనే పూర్తి మార్కులు, నేవీలో ఆరున్నర నిమిషాల దాకా ఇస్తారు. నీ టైం ఎంతో రాయలేదు. పదో తరగతి మెమోలో, ఇంటర్ మెమోలో మీ అమ్మ పేరు, నాన్న పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకో. తేడా ఉంటే నోటిఫికేషన్ వచ్చేలోపు సరిచేయించు. క్యారెక్టర్ సర్టిఫికెట్, పెళ్ళి కాలేదన్న సర్టిఫికెట్ ఫొటోతో సహా సర్పంచ్ దగ్గర తీసుకోవాలి. ఆరు నెలలు దాటినవి తీసుకోరు కాబట్టి వాటికి ఇప్పుడే తొందరపడకు.