సాయంత్రం పరుగు తర్వాత దగ్గు, ఛాతీ నొప్పి... ఓజోన్ వల్లేనా?

ప్రశ్న: నా వయసు 34. పొగతాగను, ఆస్తమా లేదు. పొద్దున వీలుపడక సాయంత్రం నాలుగింటికి ఓ పెద్ద జలాశయం గట్టున గంటసేపు పరుగెడతాను. ఎండలు ముదిరినప్పటి నుంచి పొడిదగ్గు, గట్టిగా గాలి పీలిస్తే ఛాతీ మధ్యలో నొప్పి. మర్నాటికి తగ్గుతోంది. ఎక్స్‌రే, ఈసీజీ బాగానే ఉన్నాయి. ఓజోన్ కావచ్చంటే ఎన్‌95 మాస్కు కొన్నాను. అది సరిపోతుందా? ఊపిరితిత్తులు పాడయ్యాయా?

జవాబు: మీ లక్షణాలు ఓజోన్ ప్రభావానికి బాగా సరిపోతున్నాయి. మాస్కు మాత్రం దీనికి పనికిరాదు. ఎన్‌95 ఆపేది ధూళి కణాలను. ఓజోన్ వాయువు కాబట్టి దాని గుండా వెళ్లిపోతుంది.

వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు, పెయింట్ల ఆవిర్లు ఎండలో కలిసి ఓజోన్‌గా మారతాయి. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అది ఎక్కువ. మీరు పరుగెత్తేదీ అప్పుడే. నీటి పక్కన గాలి శుభ్రంగా ఉంటుందనుకుంటాం గానీ, చెట్లూ నేలా పీల్చుకున్నంతగా నీరు ఓజోన్‌ను పీల్చుకోదు. రద్దీ రోడ్డు మీదైతే వాహనాల నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ దాన్ని కొంత హరిస్తుంది. గట్టు మీద ఆ అవకాశం కూడా తక్కువే.

ఓజోన్ నీటిలో సరిగా కరగదు. అందుకే ముక్కు, గొంతు తడిలో ఆగిపోకుండా సన్నటి శ్వాసనాళాల దాకా దిగి, అక్కడి పొరను రేపుతుంది. పరుగులో నోటితో, ఎన్నో రెట్లు ఎక్కువ గాలి పీలుస్తాం కాబట్టి మోతాదూ పెరుగుతుంది. రేగిన నరాలు లోతుగా ఊపిరి తీయనివ్వవు. మీ నొప్పి అదే. శ్వాసనాళాలు బిగుసుకోవడం ఇందులో ప్రధానం కాదు, కాబట్టి ఎవరిదో ఇన్‌హేలర్ తెచ్చి పీల్చకండి.

ఊపిరితిత్తులు పాడైపోయాయని కంగారుపడక్కర్లేదు. తగ్గిన శ్వాస సామర్థ్యం సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటుంది. అయితే ఒక మెలిక ఉంది. వరసగా నాలుగైదు రోజులు ఓజోన్ తగిలితే దగ్గు, నొప్పి తగ్గిపోతాయి, లోపలి వాపు మాత్రం కొనసాగుతుంది. 'అలవాటైపోయింది' అనుకుని అదే వేళలో కొనసాగించడం మంచిది కాదు.

అసలు మందు వేళ మార్చడమే. ఓజోన్ కనిష్ఠంగా ఉండేది తెల్లవారుజామున. అది కుదరకపోతే పొద్దుగూకాక కనీసం రెండు గంటలు ఆగండి. లేదా కిటికీలు మూసిన గదిలో ట్రెడ్‌మిల్ వాడండి. ఓజోన్ విడుదల చేసే ఎయిర్ ప్యూరిఫైర్లు ఆ గదిలో ఉండకూడదు. యాప్‌లో గాలి నాణ్యత సూచీ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. అందులో ఓజోన్ అంకె విడిగా చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో 8 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, అంటే దాదాపు 50 పీపీబీ (వంద కోట్ల భాగాల గాలిలో 50 భాగాలు). అది దాటిన రోజు పరుగు బదులు నడక చాలు.

వేళ మార్చి రెండు వారాలు చూడండి. లక్షణాలు పోతే కారణం దొరికినట్టే. పోకపోతే స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష) చేయించుకోండి. పరుగు ఆపిన 5 నుంచి 15 నిమిషాల్లో పిల్లికూతలు పెరిగి, గంటలోపు సర్దుకుంటుంటే అది వ్యాయామంతో వచ్చే శ్వాసనాళాల బిగుతు కావచ్చు, దానికి చికిత్స వేరు.

నొప్పి చేతికో దవడకో పాకినా, పరుగు ఆపగానే తగ్గుతున్నా గుండెను మళ్లీ పరీక్షించాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన గుండె జబ్బు లేదని చెప్పలేం. కఫంలో రక్తం, మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.