చుక్కల్లో బతికున్న వైరస్ ఉంటదా?

ప్రశ్న: డాక్టర్ సార్, మాది మక్తల్ దగ్గర పల్లె. బాబుకు ఏడు నెలలు. ఆదివారం పోలియో చుక్కలున్నాయని ఆశా వచ్చి చెప్పింది. వాటిలో బతికున్న వైరసే ఉంటదని, దాంతోనే కాళ్లు పడిపోతాయని మా మరిది ఫోన్‌లో చూపించాడు. ఇప్పటికే రెండు సూదులు వేయించాం, ఇంకా చుక్కలెందుకు? వచ్చే నెల పనికి పుణె పోతున్నాం. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, నారాయణపేట జిల్లా

జవాబు: అమ్మా, బతికున్న వైరసే, దాచాల్సిన పనిలేదు. కానీ బలం తీసేసిన వైరస్. పోలియో వైరస్‌లో మూడు రకాలున్నాయి. దాని జన్యువు, అంటే అది ఎలా ఉండాలో రాసి ఉన్న రాత, మొత్తం 7,400 పైచిలుకు అక్షరాలు. మూడో రకం చుక్కల వైరస్‌కూ, అది పుట్టిన అసలు జబ్బు వైరస్‌కూ తేడా పది అక్షరాలే, అందులోనూ ముఖ్యంగా 472వ అక్షరం మారడం వల్లే అది నరాల్లో సరిగా పెరగలేదు. అయితే పాత పహాణీని చేత్తో ఎక్కించేటప్పుడు సర్వే నంబరు తప్పుపడ్డట్టు, వైరస్ కూడా తన నకళ్లు తీసుకునేటప్పుడు తప్పులు చేస్తూనే ఉంటుంది కాబట్టి, బిడ్డ పేగుల్లో కొద్ది రోజుల్లోనే ఆ అక్షరం మళ్లీ పాతదైపోవచ్చు. మీ మరిది భయం ఇక్కడిదే. ఐనా దాదాపు అందరు పిల్లల్లో ఈలోపు రక్షణ తయారై, కొన్ని వారాల్లో వైరస్ బయటికి పోతుంది. చుక్కల వల్ల కాళ్లు పడిపోవడం సుమారు 27 లక్షల డోసులకు ఒకటి. ఆ ఒక్క బిడ్డ తల్లికి ఈ లెక్క ఓదార్పు కాదు, అందుకే చచ్చిన వైరస్‌తో చేసిన సూది కూడా వేస్తున్నారు.

ఎక్కువగా తిరగబడింది రెండో రకం. అసలు జబ్బు వైరస్‌లో ఆ రకం 1999 తర్వాత ఎక్కడా కనిపించలేదు, అందుకే 2016 ఏప్రిల్‌లో దాన్ని మన చుక్కల్లోంచి తీసేశారు. అదే ఏడాది హైదరాబాద్ మురుగునీటిలో మారిపోయిన రెండో రకం టీకా వైరస్ దొరికితే, జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డిలో పిల్లలకు సూదులు వేశారు. అలాంటి వైరస్ బలపడేది టీకా పడని పిల్లలు ఎక్కువున్న చోటే, ఒకరి నుంచి ఒకరికి నెలల తరబడి పాకుతూ. చుక్కలు మానేస్తే దానికి దారి మనమే ఇచ్చినట్టు.

సూది నరాలను కాపాడుతుంది కానీ పేగుల్లో వైరస్‌ను అంతగా ఆపలేదు, ఆ పని చుక్కలది. రెండూ కావాలి. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లోపం ఉందని డాక్టర్ చెప్పిన పిల్లలకు మాత్రం చుక్కలు వేయొద్దు.

ఆదివారం తప్పకుండా వేయించండి. మూడో సూది తొమ్మిది నెలలు నిండాక, అప్పటికి మీరు పుణెలో ఉంటారు. టీకా కార్డు వెంట తీసుకెళ్లండి, అక్కడి సర్కారు దవాఖానలో చూపిస్తే పైసలు లేకుండానే వేస్తారు.