సందేహాలు – సమాధానాలు: ఒకే వాక్యంలో ఇమడని ఇద్దరు

సందేహం: “మా అక్క పసితనంలోనే గుంటూరులో లూథరన్ సంఘంలో బాప్తిస్మం పొందింది. మా బావగారు హిందూ కుటుంబంలో పుట్టినవారు, ఇంతవరకు ఏ క్రైస్తవ సంఘంలోనూ లేరు. ఈ ఈస్టరుకు ఇద్దరూ కతోలిక సంఘంలో చేరుతున్నారు. బంధువులకు పంపే ఆహ్వానపత్రికలో ‘మా అక్క, బావగారు మతం మార్చుకొని బాప్తిస్మం తీసుకొంటున్నారు’ అని రాశాను. మా విచారణలోని (మా చర్చి పరిధిలోని) ఉపదేశిగారు, అంటే మతబోధ చేసేవారు, చూసి, ‘బాప్తిస్మం కాదు, జ్ఞానస్నానం అనాలి, తీసుకోవడం కాదు, పొందడం అనాలి’ అన్నారు. ఈ మాటల్లో ఏది సరైన తెలుగు? ‘జ్ఞానస్నానం చేస్తున్నారు’ అంటే తప్పా?”

సమాధానం: బాప్తిస్మం, జ్ఞానస్నానం రెండూ తెలుగువారి నోళ్లలో స్థిరపడిన మాటలే. ఒకటి ప్రొటెస్టంటు సంఘాలలో, మరొకటి కతోలికులలో ఎక్కువగా వినిపిస్తుంది. కతోలిక దేవాలయంలో జరిగే కార్యానికి వేసే పత్రిక కనుక ఉపదేశిగారు సూచించిన మాటే అక్కడ ఒప్పుతుంది. అయితే మీ వాక్యంలో ముందుగా దిద్దవలసింది నామవాచకమూ కాదు, క్రియా కాదు, కర్త. మీ అక్కగారినీ బావగారినీ ఒకే క్రియకు కర్తలుగా నిలిపారు. ఈస్టరుకు ముందు రాత్రి జరిగే పాస్క జాగరణ పూజలో వారిద్దరికీ జరిగేది ఒకటి కాదు.

మీ అక్కగారి సంగతి ముందు చూద్దాం. నీటితో, పిత పుత్ర పవిత్రాత్మల నామమున ఒకసారి జరిగిన జ్ఞానస్నానం జీవితాంతం నిలుస్తుందని, దానిని మళ్లీ ఇవ్వరాదని కతోలిక శ్రీసభ (కతోలిక సంఘం) బోధ. ఆదివారం పూజలో అందరూ కలిసి చెప్పే విశ్వాస సంగ్రహంలోనే పాపవిముక్తికి ఒకే జ్ఞానస్నానమన్న మాట ఉంది. 1983లో వెలువడిన శ్రీసభ చట్టసంహితలోని 869వ సూత్రం ప్రకారం, వేరే క్రైస్తవ సంఘంలో జ్ఞానస్నానం పొందినవారికి, అది సక్రమంగా జరిగిందా అని అనుమానించడానికి గట్టి కారణం ఉంటే తప్ప, మరల ఇచ్చే ప్రసక్తి లేదు. లూథరన్ సంఘం నీటితోనే, త్రిత్వనామముననే బాప్తిస్మమిస్తుంది కనుక మీ అక్కగారు ఇప్పటికే జ్ఞానస్నానం పొందినవారు. “అక్క బాప్తిస్మం తీసుకొంటున్నది” అని పత్రికలో వేస్తే, చిన్నప్పుడు ఆమెను చేతుల్లో ఎత్తుకొని గుడికి తీసుకువెళ్లిన మీ పెద్దల క్రియను చెల్లనిదన్నట్లవుతుంది. ఆ పత్రిక చదివే లూథరన్ బంధువులు నొచ్చుకుంటే అది వారి తప్పు కాదు.

మరి ఆమె చేసేదేమిటి? సంఘంతో కలిసి విశ్వాస సంగ్రహాన్ని చెప్పి, కతోలిక శ్రీసభ దైవప్రకటితమని నమ్మి, బోధించి, చాటే వాటన్నిటినీ తానూ నమ్ముతున్నానని నలుగురిలో ప్రకటిస్తారు. గురువు (ఫాదరు) ఆమెను శ్రీసభలోకి స్వీకరిస్తారు. ఆ పూజలోనే ఆమె భద్రమైన అభ్యంగనం (పరిమళ తైలంతో నుదుట గుర్తు వేసే సంస్కారం) పొంది, దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె) స్వీకరిస్తారు. అంతకుముందే ఒకరోజు పాపసంకీర్తనం చేసుకొంటారు, అంటే గురువు దగ్గర తన పాపాలను ఒప్పుకొంటారు. దీనికి తెలుగులో “సంపూర్ణ సహవాసంలో ప్రవేశించడం” అన్న మాట చక్కగా సరిపోతుంది. “సంపూర్ణ” అన్న విశేషణాన్ని పొడుగైందని తీసేయకండి. అంతకుముందు ఆమెకు సహవాసమే లేదని కాదు, ఉన్నది నిండుతున్నదని ఆ ఒక్క మాటే చెబుతున్నది. ఇది పాస్క జాగరణ రాత్రే జరగాలన్న నియమం కూడా లేదు. ఏ ఆదివారం దివ్యబలిపూజలోనైనా జరగవచ్చు.

బావగారి దారి వేరు, దీర్ఘం కూడా. తొలి శతాబ్దాలలో పెద్దవారు క్రీస్తు సంఘంలో చేరడానికి ఉన్న అంచెలంచెల పద్ధతి మధ్యయుగాలలో మరుగునపడింది. ప్రపంచ కతోలిక బిషప్పుల సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన దైవార్చన శాసనంలో దానిని పునరుద్ధరించమని ఆదేశించింది. ఆ ప్రకారం 1972లో పెద్దల క్రైస్తవ ప్రవేశ విధి వెలువడింది. ఇందులో తొలి పరిచయం, జ్ఞానోపదేశం, తపస్కాలపు (ఈస్టరుకు ముందు ఉపవాస దినాల) శుద్ధి, జ్ఞానస్నానానంతర బోధ అని నాలుగు దశలు ఉన్నాయి. మొదటి క్రతువు దేవాలయ ద్వారం దగ్గరే మొదలవుతుంది. “దేవుని సంఘంలో నీవు కోరేదేమిటి?” అని గురువు అడుగుతారు, వచ్చినవారు తమ నోటితో జవాబు చెబుతారు. తరువాత నుదుటిపై సిలువ గుర్తు వేస్తారు. చెవులపై, కళ్లపై, పెదవులపై, రొమ్ముపై, భుజాలపై కూడా వేసే ఆనవాయితీ ఉంది. వినేదీ, చూసేదీ, పలికేదీ, మోసేదీ అన్నీ ఇకమీదట ఆ గుర్తు కిందికే వస్తాయన్నమాట. నాటినుంచి ఆయన జ్ఞానస్నానార్థి. ఇంకా క్రైస్తవ సంస్కారాలు పొందలేదు గాని, శ్రీసభ ఆయనను అప్పటికే తన ఇంటి మనిషిగా చూస్తుంది.

తపస్కాలపు తొలి ఆదివారం సాధారణంగా పీఠాధిపతి (బిషప్పు) సమక్షంలో అభ్యర్థుల ఎన్నిక జరుగుతుంది, వారి పేర్లు నమోదవుతాయి. మూడు, నాలుగు, అయిదు ఆదివారాలలో వారి కోసం ప్రత్యేక పరిశోధన ప్రార్థనలు చేస్తారు. ఆ మూడు వారాలూ చదివే సువార్తలు వరుసగా బావి దగ్గరి సమరియ స్త్రీ, చూపు పొందిన పుట్టుగుడ్డి, చావు నుంచి లేచిన లాజరు. నీరు, చూపు, జీవం అన్న ఆ వరుసను గుర్తుంచుకోండి; మీరడిగిన జ్ఞానస్నానమన్న మాట సంగతికి వచ్చినప్పుడు అది పనికి వస్తుంది. పాస్క జాగరణ రాత్రి ఆయన సైతానును త్యజించి, విశ్వాసాన్ని ప్రకటించి, జ్ఞానస్నానం పొందుతారు. తెల్లని వస్త్రం ధరించి, పాస్క వత్తి (ఆ రాత్రి వెలిగించే పెద్ద కొవ్వొత్తి) నుంచి వెలిగించిన కొవ్వొత్తిని అందుకొంటారు. వెంటనే పరిమళ తైలంతో భద్రమైన అభ్యంగనం, ఆ తరువాత తొలి దివ్యసత్ప్రసాదం. పెద్దవారికి ఈ మూడింటినీ విడదీయకుండా ఇవ్వాలని 866వ సూత్రం చెబుతుంది. మీ అక్కగారిలా ఆయనకు ముందుగా పాపసంకీర్తనం ఉండదు. జ్ఞానస్నానమే సమస్త పాపాలనూ కడుగుతుందని శ్రీసభ విశ్వాసం.

ఇప్పుడు మాటల సంగతి. బాప్తిస్మం గ్రీకు నుంచి వచ్చిన తత్సమం వంటిది. ముంచడం, కడగడం అన్న అర్థాలు దాని మూలంలో ఉన్నాయి గాని తెలుగు చెవికి అవి వినబడవు. జ్ఞానస్నానం మనకు తమిళదేశం మీదుగా వచ్చింది. 17వ శతాబ్దంలో మదురై ప్రాంతంలో పనిచేసిన ఏసుసభ (జెస్యూట్) గురువులు, ముఖ్యంగా 1656లో మరణించిన రాబర్ట్ డి నోబిలి, సంస్కృత పదాలతో క్రైస్తవ పరిభాషను విరివిగా కల్పించారు. తరువాత ఫ్రెంచి ఏసుసభ గురువులు కర్ణాటక మిషన్ పేరుతో తెలుగు నేలకు వచ్చినప్పుడు ఆ పరిభాష కూడా వెంట వచ్చింది. అందులో “జ్ఞాన” అన్న పూర్వపదానికి తెలివి అని కాక ఆత్మసంబంధి అన్న అర్థం. జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి (జ్ఞానస్నానంలో అభ్యర్థికి తోడు నిలిచేవారు), జ్ఞానవివాహం అన్న మాటలను ఇలాగే అర్థం చేసుకోవాలి. అయినా వెలుగు అన్న అర్థం కూడా ఇక్కడ పరాయిది కాదు. రెండవ శతాబ్దంలోనే పునీత జస్టిన్ ఈ స్నానాన్ని “ప్రకాశనం” అంటారని రాశాడు. తపస్కాలంలో సిద్ధపడేవారికి గ్రీకు సంఘంలో “వెలుగు పొందబోయేవారు” అని పేరు. పుట్టుగుడ్డి సువార్తను వారి ఎదుట చదవడం అందుకే. ఆ విధంగా చూస్తే జ్ఞానస్నానం చాలా లోతైన సమాసమని నా అభిప్రాయం. తమిళ కతోలికులు నేడు ఆ మాటను వదిలి తిరుముళుక్కు అంటున్నారు. మనం నిలుపుకొన్నాం, మంచిదే అయింది.

పాత పరిభాషలో అన్నీ ఇలా కుదరలేదు. సంస్కారాలకు (జ్ఞానస్నానం వంటి పవిత్ర క్రియలకు) మన పాత జపాల పుస్తకాలలో “దేవద్రవ్యానుమానములు” అన్న మాట కనిపిస్తుంది. ఇదీ తమిళం దారినే వచ్చింది. అనుమానమంటే కనిపించే గుర్తు నుంచి కనిపించని దానిని గ్రహించడమని శాస్త్రార్థం. పొగను చూసి నిప్పును ఊహించినట్లు. సంస్కారానికి ఆ నిర్వచనం ఎంతో యుక్తమైనది. కాని వాడుక తెలుగులో అనుమానమంటే సందేహం, శంక. దేవుని ద్రవ్యం మీద శంక అని పొరబడే వీలున్న మాట పెద్దకాలం నిలవదు. దాని స్థానంలో “దివ్యసంస్కారం” వచ్చింది. మీరు పత్రికలో దీనినే వాడండి.

ఇక క్రియలు. “జ్ఞానస్నానం చేస్తున్నారు” అంటే తప్పా అని అడిగారు. తప్పే. స్నానం చేయడం ఎవరికి వారు చేసుకొనే పని కనుక మనకు ఆ క్రియ సహజంగా నోటికి వస్తుంది. కాని జ్ఞానస్నానం ఎవరికి వారు చేసుకొనేది కాదు. 1206లో మూడవ ఇన్నొసెంట్ పోపుగారి ఎదుటికి సరిగ్గా ఇటువంటి ప్రశ్నే వచ్చింది. మరణాపాయంలో ఉన్న ఒక యూదుడు తనంతట తాను నీటిలో మునిగి, తనకు తానే జ్ఞానస్నానమిచ్చుకొన్నాడు. అది చెల్లదని, ఇచ్చేవారు వేరు, పొందేవారు వేరుగా ఉండి తీరాలని పోపుగారు మెట్జ్ పీఠాధిపతికి రాశారు. “నేను నీకు జ్ఞానస్నానము ఇచ్చుచున్నాను” అన్న వాక్యంలో నేను, నీకు అనే రెండు సర్వనామాలూ ఇద్దరు మనుషులను కోరుతున్నాయి. కొందరు గురువులు “మేము నీకు ఇచ్చుచున్నాము” అని బహువచనంలో పలికితే అది చెల్లదని 2020 ఆగస్టులో వాటికన్ విశ్వాస సిద్ధాంత పరిషత్తు ప్రకటించింది. క్రీస్తు స్థానంలో నిలిచి పలికే ఆ “నేను”ను కుటుంబం పేరుతోనైనా సంఘం పేరుతోనైనా “మేము”గా మార్చే అధికారం గురువుకు లేదని దాని సారాంశం. క్రియాపదపు చివర పురుష ప్రత్యయానికి ఇంత బరువు ఉండడం వ్యాకరణం చదివేవారు తప్పక గమనించవలసిన విషయం. వయసులో గురువు కన్నా పెద్దవారైనా మీ బావగారిని అక్కడ “నీకు” అనే అంటారు. అది మర్యాదలోపం కాదు.

పొందడం, తీసుకోవడం మధ్య ఉపదేశిగారు చెప్పిన భేదం మంచిదే గాని, “తీసుకొను” తప్పని నేను అనను. దీక్ష తీసుకొన్నారు, ఉపదేశం తీసుకొన్నారు అన్న వాడుకలలో ఇచ్చేవారొకరు ఉన్నారన్న భావం ఉండనే ఉంది. మాట్లాడేటప్పుడు దానితో ఇబ్బంది లేదు. అచ్చులో మాత్రం “పొందు” గౌరవంగా ఉంటుంది. అభ్యంగనానికి “పొందు”, సత్ప్రసాదానికి “స్వీకరించు” లేదా “లోకొను” వాడండి. లోకొను అన్నది ఇతరత్రా అరుదైపోయినా కతోలికుల నోట బతికి ఉన్న చక్కని తెలుగు క్రియ.

“మతం మార్చుకొని” అన్న మాటను ఇద్దరి విషయంలోనూ తీసివేయమంటాను. మీ అక్కగారు మునుపే క్రైస్తవురాలు, ఆమెకు అది వర్తించదు. ఇదే కారణంతో అమెరికా పీఠాధిపతుల సభ 1986లో ఆమోదించిన నిబంధనలలో, అవిశ్వాసం నుంచి క్రైస్తవ విశ్వాసానికి వచ్చినవారికే తప్ప, ముందే జ్ఞానస్నానం పొందినవారికి మతాంతరాన్ని సూచించే మాట వాడరాదని స్పష్టం చేసింది. బావగారి విషయంలో అది అబద్ధం కాదు గాని, వదిలివచ్చిన దానిని చెబుతుందే తప్ప చేరుతున్న దానిని చెప్పదు. అటువైపు బంధువులకూ పంపే పత్రికలో చేరుతున్న దానిని చెప్పడమే మర్యాద. “మార్చబడ్డారు” అని మాత్రం పొరపాటున కూడా రాయకండి. పెద్దవారు తమ ఇష్టాన్ని స్వయంగా వెల్లడించనిదే జ్ఞానస్నానం ఇవ్వరాదని 865వ సూత్రం. అటువంటి చోట కర్మణి ప్రయోగం వాస్తవాన్నే తలకిందులు చేస్తుంది.

పేరు సంగతి మీరు అడగకపోయినా చెబుతాను. క్రైస్తవ భావానికి విరుద్ధమైన పేరు పెట్టరాదని మాత్రమే 855వ సూత్రం అంటుంది. పునీతుల పేరే ఉండాలని నిర్బంధం లేదు. బావగారు కొత్త పేరు ఎంచుకొంటే దానిని పాత పేరు పక్కన వేయండి, పాత పేరును కొట్టివేయకండి.

పత్రికలో ఇలా వేయవచ్చు: “పాస్క జాగరణ దివ్యబలిపూజలో మా బావగారు జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం అనే ప్రవేశ దివ్యసంస్కారాలను పొందుతున్నారు. అదే పూజలో మా అక్కగారు విశ్వాస ప్రకటన చేసి, కతోలిక శ్రీసభ సంపూర్ణ సహవాసంలో ప్రవేశించి, భద్రమైన అభ్యంగనం పొంది, దివ్యసత్ప్రసాదాన్ని స్వీకరిస్తున్నారు. మీరందరూ విచ్చేసి వారిని దీవించ ప్రార్థన.” జ్ఞానస్నానం, సత్ప్రసాదం సమాసాలు కనుక మధ్యలో ఖాళీ వదలకుండా కలిపి అచ్చు వేయించండి. బావగారికి జ్ఞానతండ్రిగా నిలిచేవారి పేరు ఆయన వాక్యం కిందనే ఉండాలి, ఇద్దరికీ ఉమ్మడిగా పత్రిక చివర కాదు.