సొంత పాటతో బతకడం సాధ్యమేనా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయికి ఇరవై ఆరేళ్లు. రుషికొండలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. కాలేజీ రోజుల నుంచీ గిటార్ మీద తెలుగులో సొంతంగా పాటలు కట్టుకుని పాడుతోంది. అమెరికాలో ‘అమెరికానా’ సంగీతం పాడే స్వతంత్ర గాయకులు సినిమాల అండ, పెద్ద కంపెనీల అండ లేకుండానే జీవితమంతా పాటతో బతుకుతున్నారని, తానూ అలాగే బతుకుతానని, వచ్చే ఏడాది ఉద్యోగం మానేస్తానని అంటోంది. వాళ్లు నిజంగా ఎలా బతుకుతారు? విశాఖపట్నంలో అది కుదిరే పనేనా?
– ఒక తండ్రి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమే. అయితే ఆ బతుకు ఎంత నెమ్మదిగా కుదురుకుంటుందో ఆమెకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. కంట్రీ, బ్లూస్, గాస్పెల్, అపలాచియన్ కొండల ఫిడేలు, బాంజో పాటలు, ఇవన్నీ కలిసి పెరిగిన సంగీతాన్ని అమెరికానా అంటున్నారు. 1999లో ఈ సంగీతానికంటూ ఒక సంఘం ఏర్పడింది. 2010 నుంచి గ్రామీ అవార్డుల్లో దీనికి ప్రత్యేకంగా ఉత్తమ ఆల్బమ్ బహుమతి ఉంది. ఇంత గుర్తింపు ఉన్నా, ఇందులో పేరున్నవాళ్లలో కూడా ఎక్కువమంది చిన్న హాళ్లలో, తక్కువమంది శ్రోతల మధ్య పాడుకునేవాళ్లే.

మీరూ మీ అమ్మాయీ కలిసి తెలుసుకోదగిన జీవితం జాన్ ప్రైన్‌ది. 1946లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని మేవుడ్‌లో పుట్టిన ఆయన పోస్ట్‌మ్యాన్‌గా పనిచేశారు. ఉత్తరాలు పంచుతూ ఇంటింటికీ నడిచే వేళల్లోనే పాటలు కట్టుకున్నారు. సాయంత్రాలు షికాగోలోని ఒక చిన్న క్లబ్బులో పాడి, అక్కడ పాడే అవకాశాలు క్రమంగా దొరుకుతున్నాయని నమ్మకం కుదిరాకనే ఉద్యోగం వదిలారు. 1971లో అట్లాంటిక్ అనే పెద్ద సంస్థ ఆయన తొలి ఆల్బమ్ వేసింది. పదేళ్లపాటు పెద్ద సంస్థలతో పనిచేసిన తర్వాత, 1981లో, మిత్రులతో కలిసి ‘ఓ బాయ్ రికార్డ్స్’ అనే సొంత సంస్థ పెట్టుకున్నారు. ఇంకా తయారు కాని ఆల్బమ్‌కు అభిమానులే ముందుగా డబ్బు పంపారు. ఆ డబ్బుతోనే రికార్డింగ్ జరిగింది. అదే సంస్థ నుంచి 1991లో వచ్చిన ఆల్బమ్‌కు గ్రామీ దక్కింది. 2018లో వచ్చిన ఆఖరి ఆల్బమ్, అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను కొలిచే బిల్‌బోర్డ్ పట్టికలో అయిదో స్థానంలో అడుగుపెట్టింది. అప్పటికి ఆయనకు డెబ్బై ఒక్క ఏళ్లు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్‌తో కన్నుమూశారు. తొలి ఆల్బమ్‌కూ ఆ అయిదో స్థానానికీ మధ్య నలభై ఏడేళ్లు గడిచాయన్న సంగతిని మీ అమ్మాయి బాగా ఆలోచించాలి.

ఇక డబ్బు సంగతి. స్ట్రీమింగ్‌ను నమ్ముకోవద్దని నేను గట్టిగా చెబుతాను. ఒక పాటను ఒకసారి విన్నందుకు పాట హక్కుదారుకు సగటున దక్కేది అమెరికా సెంటులో (డాలరులో వందో వంతులో) సగం కూడా ఉండదు. మన దేశపు శ్రోతల వల్ల వచ్చేది అంతకంటే చాలా తక్కువ. పైగా 2024 నుంచి స్పాటిఫై, ఏడాదిలో కనీసం వెయ్యిసార్లు వినని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్క కట్టడమే మానేసింది. ఈ గాయకుల బతుకు నడిచేది కచేరీల మీద, కచేరీ అయ్యాక తలుపు దగ్గర వేసే చిన్న బల్ల మీద. ఆ బల్ల మీద సీడీలు, ఎల్పీ రికార్డులు, టీషర్టులు పెడతారు. గాయకుడే నిలబడి, కొన్నవారికి సంతకం పెట్టి, రెండు మాటలు మాట్లాడి పంపిస్తాడు. బల్ల చివర ఒక నోటుపుస్తకం ఉంటుంది. ఇష్టపడ్డవాళ్లు అందులో తమ పేరు, ఈమెయిల్ రాసి వెళతారు. మళ్లీ ఆ ఊరు వచ్చేటప్పుడు కబురు అందేది వాళ్లకే. నన్నడిగితే ఆ బల్ల మీద అన్నిటికంటే విలువైనది ఆ పుస్తకమే.

ఇళ్లలో జరిగే కచేరీలు కూడా వాళ్లకు పెద్ద ఆధారం. ఒక శ్రోత తన ఇంటి ముందుగదిలో ముప్ఫై నలభై మందిని కూర్చోబెడతాడు. వచ్చినవాళ్లు ఇచ్చిన డబ్బంతా సాధారణంగా గాయకుడికే వెళుతుంది. మైకు ఉండదు, మధ్యలో ఎవరూ మాట్లాడరు. అమెరికాలోని నాష్‌విల్ నగరంలో 1982లో మొదలైన బ్లూబర్డ్ కేఫ్‌లో వంద సీట్లు కూడా లేవు. నలుగురు రచయితలు గది నడుమ ఎదురెదురుగా కూర్చుని వంతులవారీగా పాడుతుంటే చుట్టూ జనం నిశ్శబ్దంగా వింటారు. ఇలాంటి చోట నిలబడాలంటే గొంతు బాగుంటే సరిపోదు, పాటలోని మాట కూడా నిలబడాలి.

విశాఖలో ఇది కుదురుతుందా అన్నారు. కళాభారతి, గురజాడ కళాక్షేత్రం వంటి సభామందిరాలు మనకు ఉన్నాయి గానీ, మీ అమ్మాయి మొదలుపెట్టవలసింది అక్కడ కాదు. మీ అపార్ట్‌మెంట్ డాబా మీద, లాసన్స్ బే కాలనీలోనో సీతమ్మధారలోనో ఒక స్నేహితురాలి హాల్లో, నెలకొకసారి, పాతిక ముప్ఫై మంది ముందు ఒక గంటసేపు కేవలం తన పాటలే పాడమనండి. సినిమా పాట ఒక్కటి కూడా కలపవద్దనండి. అది కలిపితే జనం దేనికి వచ్చారో ఆమెకు ఎప్పటికీ తెలియదు. తలుపు దగ్గర ఒక పుస్తకం పెట్టి, వచ్చినవాళ్లలో మళ్లీ వస్తున్నదెవరో చూసుకోమనండి. ఒక ఏడాది తర్వాత పిలవకుండానే వచ్చేవాళ్లు, డబ్బిచ్చి వచ్చేవాళ్లు ఉన్నారంటే, విజయనగరానికీ శ్రీకాకుళానికీ కాకినాడకూ వెళ్లి పాడే సమయం వచ్చినట్టే. అప్పటిదాకా ఉద్యోగం ఉండనివ్వండి. జీతం వచ్చే ఉద్యోగం ఉన్నంతకాలం నచ్చని ఒప్పందాన్ని కాదనగలిగే ధైర్యం ఉంటుంది. ఈ వృత్తిలో ఆ ధైర్యం కంటే అక్కరకొచ్చేది నాకు కనబడలేదు. తండ్రిగా మీరు చేయగలిగింది కూడా ఒకటుంది. మొదటి కచేరీకి కుర్చీలు మీరే వేయండి.

ప్రశ్న: నాకు నలభై దాటాయి. స్కూల్లో టీచర్‌ని. ఈ మధ్యనే పాటలు రాయడం మొదలుపెట్టాను. ఈ వయసులో ఇదంతా వృథా ప్రయాస అంటారా?
– ఒక ఉపాధ్యాయిని, భీమునిపట్నం

జవాబు: అననండి. అమెరికన్ గాయని మేరీ గోషే బోస్టన్‌లో రెస్టారెంట్ నడుపుకుంటూ, ముప్ఫై అయిదేళ్ల వయసులో తొలి పాట రాశారు. తర్వాత ఆ వ్యాపారంలో తన వాటా అమ్మి, ఆ డబ్బుతో రెండో ఆల్బమ్ చేసుకున్నారు. యుద్ధాల నుంచి తిరిగొచ్చిన సైనికులతో, వారి కుటుంబాలతో కలిసి ఆమె రాసిన పాటల ఆల్బమ్ 2018లో వచ్చింది, గ్రామీ పోటీలో నిలిచింది. అలాంటి పాటలకు గొంతు లేతదనం కంటే మనుషుల మాట ఓపికగా వినే అలవాటు అవసరం, బడిలో పనిచేసే మీకు అది కొత్త కాదు. మీరు వాటా అమ్మనక్కరలేదు, జీతం ఉంది. రాస్తూ ఉండండి.

ప్రశ్న: మా తాతగారి ఊరు స్టీల్‌ప్లాంట్ కోసం తీసుకున్న భూముల్లో కలిసిపోయింది. ఆ ఊరి మీద నేనే రాసి, బాణీ కట్టి, సొంత ఖర్చుతో రికార్డు చేసిన పాటను యూట్యూబ్‌లో చాలామంది విన్నారు. ఇప్పుడొక మ్యూజిక్ కంపెనీ ఇరవై వేల రూపాయలిచ్చి ‘సర్వహక్కులూ శాశ్వతంగా’ రాసిమ్మంటోంది. సంతకం పెట్టమంటారా?
– ఒక యువకుడు, గాజువాక

జవాబు: ఆ మాటలున్న కాగితం మీద సంతకం పెట్టకండి. జాన్ ప్రైన్ తల్లిదండ్రుల సొంత ప్రాంతం కెంటకీలోని మ్యూలెన్‌బర్గ్ కౌంటీ. బొగ్గు కోసం అక్కడి నేలను తవ్వేసిన తీరు మీద ఆయన కట్టిన పాట 1971 నాటి తొలి ఆల్బమ్‌లోనే ఉంది. ఆ తర్వాత ఎందరో గాయకులు దాన్ని పాడుకున్నారు. ఊరు పోయిన కథకు ఆయుష్షు ఎక్కువ. మీ పాటను ఇరవై ఏళ్ల తర్వాత ఎవరు పాడతారో, ఏ సినిమాలో వాడతారో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు కాబట్టే, దాన్ని ఇప్పుడే ఒక్క ధరకు తెగనమ్మకూడదు.

మీ దగ్గరున్నవి రెండు వేర్వేరు ఆస్తులు. ఒకటి మీరు రాసిన సాహిత్యం, కట్టిన బాణీ. రెండోది ఆ పాట రికార్డింగ్. రికార్డింగ్‌కు పూనుకుని, బాధ్యత తీసుకుని చేయించినవారే మన చట్టం దృష్టిలో దాని నిర్మాత. ఖర్చూ పూనికా మీవే కాబట్టి దాని యజమాని కూడా మీరే. మన కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణ తర్వాత, మీరు హక్కులు బదిలీ చేసినా, ఆ సాహిత్యం, బాణీ వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును వదులుకోవడం చెల్లదు. దాన్ని మీ వారసులకో, కాపీరైట్ సొసైటీకో (రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే సంఘానికో) తప్ప ఇంకెవరికీ రాసివ్వలేరు. హక్కుల బదిలీ కాగితం మీద కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేగా చట్టం లెక్కిస్తుంది. వాళ్లు ‘శాశ్వతంగా’ అన్న మాటను పట్టుబట్టి రాయిస్తున్నది అందుకే. సంతకం పెడితే, రేపు మీరు బీచ్ రోడ్డులో ఆ పాట పాడిన వీడియోను మీ ఛానల్‌లో పెట్టుకున్నా, దాని ఆదాయం తమదేనని కంపెనీ యూట్యూబ్‌లో క్లెయిమ్ చేయగలదు.

రికార్డింగ్ తమ చేతిలో ఉండడం ఎంత ముఖ్యమో కలిసి పాడే అమెరికన్ గాయకులు గిలియన్ వెల్చ్, డేవిడ్ రాలింగ్స్‌లను చూస్తే తెలుస్తుంది. వాళ్లు 2001 నుంచి తమ సొంత సంస్థ అకోనీ ద్వారానే ఆల్బమ్‌లు వేస్తున్నారు. 2020 మార్చిలో నాష్‌విల్‌ను సుడిగాలి కొట్టినప్పుడు వారి వుడ్‌లాండ్ స్టూడియో పైకప్పు ఎగిరిపోయింది; ఇద్దరూ ఆ రాత్రి చీకట్లో, కురుస్తున్న వానలో, మాస్టర్ టేపులను (అసలు రికార్డింగులున్న టేపులను) మోసి కాపాడుకున్నారు. ఆ స్టూడియో పేరే పెట్టుకున్న వారి 2024 ఆల్బమ్‌కు ఉత్తమ ఫోక్ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది.

మీ విషయంలో ముందుగా రికార్డింగ్ స్టూడియోకు వెళ్లి, వాయిద్యాలవారీగా విడివిడిగా ఉన్న ఫైళ్లన్నీ ఒక హార్డ్ డిస్క్‌లోకి తెచ్చుకోండి. వాయించినవాళ్లతో, వారికి ఎంత ముట్టింది, ఏమి ఒప్పుకున్నారు అన్నది ఒక పేజీలో రాయించుకోండి. స్నేహితులైతే ఇది మరీ అవసరం. తర్వాత, 1969 నుంచి ఉన్న కాపీరైట్ సొసైటీ ఐపీఆర్ఎస్‌లో రచయితగా, స్వరకర్తగా సభ్యత్వం తీసుకుని పాటను నమోదు చేయండి. అది పూర్తయ్యాక కంపెనీకి జవాబు రాయండి: అమ్మకం కాదు, మూడేళ్ల లైసెన్సు ఇస్తానని, స్ట్రీమింగ్ ఆదాయంలో వాటా కావాలని, సినిమాకూ ప్రకటనలకూ వాడాలంటే ప్రతిసారీ మీ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలని, మీ కచేరీలకూ మీ ఛానల్‌కూ ఏ అడ్డూ ఉండకూడదని. వాళ్లు ఒప్పుకుంటే ఆ కాగితాన్ని కాపీరైట్ వ్యవహారాలు తెలిసిన న్యాయవాదికి చూపించి సంతకం పెట్టండి. ఒప్పుకోకపోతే పాట మీ దగ్గరే ఉంటుంది, యూట్యూబ్‌లో ఇప్పటిలాగే జనం వింటూనే ఉంటారు.