47వ పేజీలో ఆమె పేరు లేదు

చిరంజీవికి ఆశీస్సులు.

సైకోథెరపీ, అంటే మాటలతో మనసుకు చేసే వైద్యం, దాని చరిత్ర మీద నువ్వు రాసిన రాతప్రతి అందింది. 140 పేజీలూ చదివాను. బాగా శ్రమపడ్డావు, భాష శుభ్రంగా ఉంది. కానీ 47వ పేజీ దగ్గర కాగితాలు కింద పెట్టేసి కాసేపు వరండాలో తిరిగాను. అక్కడ నువ్వు ఇలా రాశావు: "అన్నా ఓ. అనే హిస్టీరియా రోగికి డాక్టర్ బ్రాయర్ మాటలతో వైద్యం చేసి పూర్తిగా నయం చేశారు. సైకోథెరపీకి అదే నాంది." ఆవిడకు రెండు వాక్యాలు. ఆ వెంటనే బ్రాయర్ తోటి డాక్టరు ఫ్రాయిడ్‌కు 22 పేజీలు.

ఆమె పేరు అన్నా ఓ. కాదు నాయనా. బెర్తా పాపెన్‌హైమ్. 1859లో వియన్నాలో ఒక కలిగిన యూదు కుటుంబంలో పుట్టింది. ఎంతో చురుకైన పిల్ల. అయినా తమ్ముడికి దొరికిన చదువు ఆమెకు దొరకలేదు. 1880 వేసవిలో తండ్రి మంచాన పడ్డాడు. రాత్రుళ్ళు మేలుకుని ఆమే సేవ చేసింది. ఆ మంచం పక్కనే జబ్బు మొదలైంది. కుడి చెయ్యి చచ్చుబడింది, చూపు చెదిరింది. కొన్నాళ్ళకు సొంత భాష జర్మన్ నోటికి రాకుండా పోయి ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది. 1881 ఏప్రిల్‌లో తండ్రి పోయాక పరిస్థితి ఇంకా దిగజారింది.

సాయంత్రాలు బ్రాయర్ వచ్చి కూర్చునేవాడు, ఆమె చెప్పేది. మొదట్లో కథలు చెప్పింది. తర్వాత ఒక్కో బాధ మొట్టమొదట ఎప్పుడు వచ్చిందో వెనక్కి తవ్వుకుంటూ పోయింది. ఒక ఎండాకాలం ఆరు వారాలపాటు మంచినీళ్ళు తాగలేకపోయింది. దాహంతో గ్లాసు పెదవి దాకా తెచ్చుకుని తోసేసేది. పుచ్చకాయలు, పళ్ళతోనే గడిపింది. ఒకరోజు హిప్నాసిస్‌లో, అంటే డాక్టరు కలిగించిన మగతలో ఉండగా ఒక సంగతి బయటికి వచ్చింది. తన దగ్గరుండే ఇంగ్లీషావిడ కుక్క గ్లాసులో నీళ్ళు తాగుతుంటే చూసిందట. మర్యాద కోసం ఏమీ అనకుండా ఊరుకుందట. ఆ అసహ్యమంతా వెళ్ళగక్కి, నీళ్ళు అడిగి గటగటా తాగింది. ఈ పద్ధతికి పేరు పెట్టింది కూడా ఆమే. "టాకింగ్ క్యూర్" అంది. సరదాగా ఉన్న రోజున "చిమ్నీ స్వీపింగ్" అంది, అంటే పొగగొట్టంలో మసి దులపడం. నీ పుస్తకం నిండా నువ్వు వాడిన 'మాటల వైద్యం' అన్న మాట ఇరవై దాటిన ఆ రోగి నోటి నుంచి వచ్చింది. నువ్వు దాన్ని బ్రాయర్ ఖాతాలో వేశావు.

ఇక "పూర్తిగా నయం". 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి వేసిన పుస్తకంలో, కోలుకోవడానికి కొంతకాలం పట్టినా ఆ తర్వాత ఆరోగ్యంగానే ఉందని రాశారు. ఆమె అసలు పేరు 1953లో ఎర్నెస్ట్ జోన్స్ రాసిన ఫ్రాయిడ్ జీవితచరిత్రలో బయటపడింది. అప్పటికి ఆమె పోయి 17 ఏళ్ళు. 1972లో హెన్రీ ఎలెన్‌బర్గర్ అనే చరిత్రకారుడు పాత ఆస్పత్రి కాగితాలు వెలికితీసి అచ్చువేశాడు. బ్రాయర్ చికిత్స ముగిసింది 1882 జూన్‌లో. జూలైలోనే ఆమెను స్విట్జర్లాండ్‌లో క్రాయిట్స్‌లింగెన్ అనే ఊళ్ళోని బెల్‌వ్యూ శానిటోరియంలో చేర్చారు. ముఖంలో నరాల నొప్పికి ఇచ్చిన మార్ఫిన్ అప్పటికే మానలేని అలవాటైపోయింది. 1887 దాకా ఆస్పత్రులకు వెళ్తూ వస్తూనే ఉంది.

ఆ తర్వాతి కథ నీ పుస్తకంలో అసలే లేదు. తల్లితో ఫ్రాంక్‌ఫర్ట్ చేరింది. అనాథ ఆడపిల్లల ఆశ్రమం నడిపింది. స్త్రీల హక్కుల మీద మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ రాసిన పుస్తకాన్ని 1899లో జర్మన్‌లోకి తెచ్చింది. 1904లో యూదు మహిళల సంఘం స్థాపించింది. ఆడపిల్లల్ని అమ్మే ముఠాల మీద పోరాడుతూ దేశాలు తిరిగింది. 1907లో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర్లో, పెళ్ళికాకుండా తల్లులైన అమ్మాయిలకు ఒక ఇల్లు కట్టించింది. తన దగ్గరున్న పిల్లలకు ఫ్రాయిడ్ పద్ధతి వైద్యం చేయించడానికి ఒప్పుకోలేదని ఆమెను ఎరిగినవాళ్ళు రాశారు. ఎందుకు ఒప్పుకోలేదో నువ్వొక పేజీ ఆలోచించి రాస్తే చదవాలని ఉంది నాకు.

నేను నలభై ఏళ్ళుగా నమ్ముతున్నది ఒకటే. ఈ వైద్యాన్ని డాక్టర్లు ఒక్కరే కనిపెట్టలేదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు వాళ్ళకు నేర్పారు. ఫ్రాయిడ్ 'ఎమ్మీ' అని పేరు మార్చి రాసిన ఒకావిడ ఉంది. ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది, అది ఎక్కణ్ణుంచి వచ్చింది అని ఊరికే అడగొద్దు, నేను చెప్పదలచుకున్నది చెప్పనివ్వండి అని ఆవిడ ఆయన మీద విసుక్కుంది. మనసుకు తోచింది తోచినట్టు చెప్పమనే పద్ధతికి మూలం ఆ విసుగులో ఉంది. అమెరికాలో కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త రోచెస్టర్ ఊళ్ళో పనిచేసే రోజుల్లో, ఒక పిల్లవాడి తల్లికి తప్పు నీలోనే ఉందని వారాల తరబడి నచ్చజెప్పబోయాడు. ఏమీ లాభం లేక, ఇక చాలిద్దామన్నాడు. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్ళకు కూడా చూస్తారా అని అడిగింది. మళ్ళీ కూర్చుని తన కాపురం గురించి చెప్పుకుంది. బాధ ఎక్కడుందో పడేవాళ్ళకే తెలుసన్న పాఠం ఆవిడ దగ్గర నేర్చుకున్నానని రోజర్స్ స్వయంగా రాశాడు. 1942 నాటి పుస్తకంలో ఆయన ఒక మనిషితో జరిగిన 8 సిట్టింగులను రికార్డు చేసి, మాట మాటా అచ్చువేశాడు. నీ పుస్తకంలో రోజర్స్ పుట్టిన ఊరు, చదివిన కాలేజీ ఉన్నాయి. ఈ తల్లి లేదు.

నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. రెండో కాన్పు తర్వాత నేను నాలుగు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. చివరికి ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ మొదటి రోజు నన్నేమీ అడగలేదు. పక్కన కూర్చుని ఉయ్యాల ఊపింది. మూడో రోజు నేనే, "వీడు ఏడిస్తే నాకు కోపం వస్తోంది" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాలుగు నెలలు పట్టింది. కొన్నేళ్ళ తర్వాత దాన్ని వ్యాసంగా రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు ఉయ్యాల తీసేశాడు, నేనన్న మాట తీసేశాడు. డాక్టరు ఫోటో వేసి, 'మానసిక రోగులకు వరం' అని శీర్షిక పెట్టాడు. వెళ్ళి అడిగితే, "పేషెంటు గోల ఎవరికి కావాలమ్మా, మందేమిటో చెప్పండి చాలు" అన్నాడు. పదకొండేళ్ళు ఆ విషయం మీద మళ్ళీ కలం పట్టలేదు. నీ 47వ పేజీలో నాకు ఆయన గొంతే వినిపించింది.

నయమైందని ఎవరు చెప్పాలన్నది ఈ రంగాన్ని చాలాకాలం వేధించిన ప్రశ్న కూడా. 1952లో హాన్స్ ఐసెంక్ అనే మనస్తత్వవేత్త, ఈ మాటల చికిత్స వల్లే రోగులు కోలుకుంటున్నారనడానికి ఆధారం లేదని రాసి పెద్ద దుమారం లేపాడు. 1977లో మేరీ లీ స్మిత్, జీన్ గ్లాస్ అనే పరిశోధకులు దాదాపు 375 అధ్యయనాలు కలిపి లెక్కగట్టి, ఉపయోగం ఉందని చూపించారు. ఈ తగాదా లేకుండా చరిత్ర రాస్తే అది ప్రచార కరపత్రం అవుతుంది.

'తొలి సైకోథెరపిస్టు శ్రీకృష్ణుడు' అన్న అధ్యాయం తీసెయ్. నేను రోజూ గీత చదువుతాను. అర్జునుడిది యుద్ధరంగంలో ధర్మసంకటం. దాన్ని డిప్రెషన్ అని తేల్చేస్తే గీతకూ న్యాయం జరగదు, డిప్రెషన్‌తో నలిగే మనిషికీ జరగదు. ఈ మధ్య మనస్తత్వం మీద ఏ పుస్తకం తీసినా ఇదే ఫ్యాషన్. మన దేశం గురించి రాయడానికి నిజమైన మనుషులున్నారు. గిరీంద్రశేఖర్ బోస్ 1922లో కలకత్తాలో ఫ్రాయిడ్ పద్ధతి వైద్యానికి సైకోఎనలిటిక్ సొసైటీ పెట్టాడు. ఫ్రాయిడ్‌తో ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిపాడు, విభేదించాల్సిన చోట విభేదించాడు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగి పక్కన ఇంటివాళ్ళను కూడా ఉండనిచ్చాడు. గొలుసులు, తాళాల కాలంలో ఆ గుడారాలు ఎంత పెద్ద మార్పో వివరంగా రాయి. మన హైదరాబాద్‌లో మానసిక ఆస్పత్రి ఉన్న 'ఎర్రగడ్డ' పేరు ఇప్పటికీ తిట్టుగా వాడుతున్నారు. అదీ రాయి.

ఆలోచననూ నడవడినీ మార్చుకోవడం నేర్పే చికిత్సను నువ్వు 'ప్రజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్స' అంటే చదివేవాడు పేజీ తిప్పేస్తాడు. డాక్టర్లూ, పేషెంట్లూ సీబీటీ అంటారు, నువ్వూ అలాగే రాయి. స్నేహితుడు ఫోన్ ఎత్తకపోతే "నేనంటే లెక్కలేదు" అని క్షణంలో మనసులో మెరిసే మాట ఉంటుంది కదా, ఆ చికిత్సకు ఆద్యుడైన డాక్టరు ఆరన్ బెక్ పట్టుకున్నది దాన్నే. అలా చెబితే మా పనమ్మాయికి కూడా అర్థమవుతుంది.

నీ ఉత్తరం చివర్లో ఒక వాక్యం ఉంది. మీ మేనత్తను నీ చిన్నప్పుడు ఎక్కడికో తీసుకెళ్ళారని, ఆవిడ గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరని, అది పుస్తకంలో పెట్టొచ్చా అని అడిగావు. ఆ వాక్యం చదివే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. పెట్టొచ్చో లేదో చెప్పాల్సింది ఆవిడ. వెళ్ళి కలువు. మొదటిసారి నోటుపుస్తకం, ఫోన్ రికార్డరు తీసుకెళ్ళకు. అన్నం పెడితే తిను. చెప్పడం ఇష్టం లేదంటే మళ్ళీ అడగకు. చెబితే మాత్రం, రాసింది నాకు పంపేముందు ఆవిడకు చదివి వినిపించు. ఆవిడ కొట్టెయ్యమన్న చోట కొట్టెయ్.

47వ పేజీ ఈ వారమే తిరగరాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు రచయిత్రి